పన్నెండేళ్లు దాటిన పిల్లల పళ్లు

పాలపళ్లు ఉన్నంతకాలం పక్కన నిలబడి పళ్లు తోమించే మనం, పిల్లలకు పదకొండో పన్నెండో ఏడు రాగానే ఆ పని పూర్తిగా వాళ్లకే వదిలేస్తాం. నా ఉద్దేశంలో వదిలేయకూడని సమయం సరిగ్గా అదే. రెండో దవడ పళ్లు పన్నెండు, పదమూడేళ్ల ప్రాంతంలోనే వస్తాయి, అప్పటికి వాటి ఎనామెల్, అంటే పంటి పైపొర, ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. నోటి చిట్టచివర, పక్క పంటి కంటే తక్కువ ఎత్తులో మొలుస్తున్న ఆ పన్ను అలవాటుగా తోమే బ్రష్‌కు అందదు. అందినా, నమిలే భాగంలోని సన్నని గాళ్లలోకి కుచ్చు దూరదు. అందువల్ల ఆ పళ్లు బయటికి రాగానే దంతవైద్యులకు చూపించి, వారు అవసరమంటే ఆ గాళ్లను సీలెంటు అనే రక్షణ పూతతో పూడ్పించడం మంచిది. దానికి సాధారణంగా మత్తు సూది గానీ, పన్ను తొలచడం గానీ అక్కరలేదు.

తీపి విషయంలో ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే పళ్లకు ముఖ్యం. పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. నోటిలో పీహెచ్ (ఆమ్లతకు కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది, లాలాజలం దాన్ని మళ్లీ సరిచేయడానికి అరగంట వరకూ, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. చదువుకుంటూ ఒకే శీతల పానీయం సీసాను సాయంత్రమంతా గుటక గుటకగా తాగే పిల్లవాడి నోటికి ఆ వ్యవధి దొరకదు. చక్కెర లేని సోడాలూ ఆమ్లమే కాబట్టి వాటినీ నమ్మలేము. ఇలాంటివి ఇంట్లో పెట్టకపోవడం రోజూ మందలించడం కంటే బాగా పనిచేస్తుంది. తాగినా భోజనంతోపాటు తాగి ముగించడం మేలు.

ఈ వయసులో హార్మోన్ల మార్పుల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు ఉబ్బి, తోమేటప్పుడు రక్తం వస్తుంది. పిల్లలు భయపడి అక్కడ తోమడం మానేస్తారు, దాంతో పాచి మరింత పేరుకుంటుంది. మెత్తని బ్రష్‌తో చిగురు అంచు వెంట నెమ్మదిగా, మానకుండా తోమితే చాలావరకు కొద్ది రోజుల్లోనే తగ్గుతుందని ముందే చెప్పాలి. తగ్గకపోతే వైద్యులకు చూపించాలి.

క్లిప్పులు వేయించుకున్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మా అమ్మాయికి క్లిప్పులు ఉన్నన్నాళ్లూ నేను అప్పుడప్పుడు ఆమెను వెలుతురులో నిలబెట్టి, ఒక్కో క్లిప్పు చుట్టూ సుద్దరంగు గీత ఉందేమోనని చూసేదాన్ని. ఆ తెల్లదనం పన్ను పుచ్చడానికి తొలిమెట్టు. ఆ దశలో ఫ్లోరైడ్‌తో ఆపవచ్చు, గుంట పడితే మాత్రం ఫిల్లింగే గతి. తీగ కింద శుభ్రం చేయడానికి పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్ తప్పనిసరి.

నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కాబట్టి రెండు పూటల్లో రాత్రి తోమడాన్ని అసలు విడవకూడదు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు నిమిషాలు తోమి, నురుగు ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ పళ్ల మీద ఎక్కువసేపు నిలుస్తుంది.

పొగాకు, వేపింగ్ (ఈ-సిగరెట్లు పీల్చడం) గురించి పిల్లలు మన ఎదుట చెప్పకపోవచ్చు. పై ముందు పళ్ల లోపలి వైపు అరుగుదల కనిపిస్తే, అది కడుపులోని ఆమ్లం తరచూ పైకి రావడం వల్ల కావచ్చు, బరువు గురించిన బెంగతో రహస్యంగా వాంతి చేసుకోవడం వల్లా కావచ్చు. అందుకే పళ్ల పరీక్ష సమయంలో కాసేపు మనం గది బయట కూర్చుని, వాళ్లను వైద్యులతో విడిగా మాట్లాడనివ్వాలి. తెలిసినదాన్ని తిట్టడానికి వాడుకుంటే మరోసారి ఏదీ చెప్పరు.

ఆటల్లో దెబ్బ తగిలి శాశ్వత దంతం ఊడిపడితే వేరును ముట్టకుండా పైభాగం పట్టుకుని తీయాలి. మట్టి అంటితే చల్లని నీళ్లలో లేదా పాలలో క్షణకాలం కడిగి, వీలైతే అదే చోట తిరిగి పెట్టాలి. లేదంటే పాలలో వేసి, గంటలోపే, కుదిరితే ఇంకా ముందే దంతవైద్యుల దగ్గరకు చేరాలి. ఆ సమయంలో మైదానంలో మనం ఉండం కాబట్టి ఈ సంగతి పిల్లలకూ, ఆట నేర్పేవారికీ ముందుగానే చెప్పి ఉంచాలి.