అమెరికా షేర్లు, హైదరాబాద్ అనాథాశ్రమం, ఒక వీలునామా

గచ్చిబౌలిలో ఒక అమెరికన్ సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్న మా పెదనాన్నగారి అబ్బాయి ఈ మధ్య తన వీలునామా ముసాయిదాను నాకు చూపించారు. జీతంతో పాటు ఏళ్ల తరబడి వచ్చిన ఆర్‌ఎస్‌యూ షేర్లలో (కంపెనీ తన ఉద్యోగులకు ఇచ్చే సొంత షేర్లు) మూడో వంతును నగరంలోని ఒక అనాథాశ్రమానికి, మిగిలినవి పిల్లలకు రాశారు. సంకల్పం ఉత్తమమైనదే గాని, ఆ పంపకం వల్ల పిల్లల వాటాకు ఎంత కోత పడుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇలాంటి షేర్లు ఉన్నవారు మన నగరంలో చాలామంది ఉన్నారు గనుక వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో వారసత్వపు ఆస్తిపై పన్ను లేదు. 1953 నాటి ఎస్టేట్ డ్యూటీ చట్టం కింద ఒకప్పుడు పెద్ద ఆస్తులపై 85 శాతం దాకా వసూలు చేసేవారు. 1985లో దాన్ని ఎత్తివేశారు. అయితే అమెరికా కంపెనీ షేర్లు, వాటి యజమాని మాదాపూర్‌లో ఉన్నా మియాపూర్‌లో ఉన్నా, అమెరికా చట్టం దృష్టిలో అక్కడి ఆస్తే. తన పౌరులకు 2026లో కోటిన్నర డాలర్ల వరకు ఎస్టేట్ పన్ను (చనిపోయినవారు వదిలివెళ్లిన ఆస్తిపై పన్ను) మినహాయించే ఆ దేశం, అక్కడ పౌరసత్వం గాని స్థిరనివాసం గాని లేనివారికి 60,000 డాలర్లే మినహాయిస్తుంది. ఆపైన పన్ను 26 శాతంతో మొదలై 40 శాతం దాకా పెరుగుతుంది.

దానంగా రాసిన మొత్తాన్ని లెక్కలోంచి తీసివేయవచ్చు. కానీ మనలాంటివారు ఏదైనా సంస్థకు రాసినప్పుడు ఆ సంస్థ అమెరికాలో ఏర్పడినదై ఉండాలి. మూడు లక్షల డాలర్ల షేర్లు ఉన్న వ్యక్తి అందులో లక్షను హైదరాబాద్ ఆశ్రమానికి రాస్తే, ఇతర తగ్గింపులేవీ లేవనుకుంటే, పన్ను 74,800 డాలర్లు; అదే లక్షను అర్హత గల అమెరికన్ ధర్మసంస్థకు రాస్తే 41,800 డాలర్లు. పైగా ఈ తగ్గింపు కోరాలంటే ఇక్కడి ఫ్లాటు, పొలంతో సహా ప్రపంచంలోని ఆస్తులన్నిటి విలువనూ రిటర్నులో చూపాలి.

ఆ రిటర్నును మరణించిన తొమ్మిది నెలల్లోగా దాఖలు చేయాలి. అక్కడి పన్ను శాఖ ధ్రువపత్రం ఇచ్చేదాకా బ్రోకరేజి సంస్థ సాధారణంగా షేర్లను బదిలీ చేయదు, కాబట్టి ఆశ్రమమైనా పిల్లలైనా ఎదురుచూడాల్సిందే. పన్ను ఎవరి వాటాలోంచి కట్టాలో వీలునామాలో రాయకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం, ఎందుకంటే దాన్ని దానం సొమ్ములోంచే కడితే ధర్మసంస్థకు చేరేది తగ్గుతుంది, ఆ మేరకు మినహాయింపు కూడా తగ్గి పన్ను మళ్లీ పెరుగుతుంది.

అన్నయ్యకు నేను చెప్పింది ఇదే: ఆశ్రమానికి ఇవ్వదలచినది ఇక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్లలోంచి రాయండి, షేర్ల సంగతి రెండు దేశాల చట్టాలూ తెలిసిన నిపుణుడితో విడిగా తేల్చుకోండి. ఆయన ముసాయిదాలో మరోచోట 'ధర్మకార్యాలకు' అని మాత్రమే ఉంది. కేవలం ధర్మానికి అని రాసిన దానం అస్పష్టమైనదని, చెల్లదని 1899లోనే, బ్రిటిష్ పాలనలో మనకు అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. అందుకే సంస్థ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, అప్పటికి అది మూతపడి ఉంటే ఆ డబ్బు ఏ సంస్థకు చేరాలన్నది కూడా రాయమన్నాను.