రబ్బరు ముక్క

"ఇంతేనా బాబూ? రబ్బరుతో తుడిస్తే బాగైపోయిందా?" ఎంవీపీ కాలనీలో మామ్మగారు నా వంక అనుమానంగా చూశారు.

రిపేరుకి పిలిచిన ఆవిడ కంప్యూటర్ ఆన్ చేస్తే బీప్ బీప్ మని అరుపులే, స్క్రీన్ మీద బొమ్మ లేదు. ర్యామ్ (లోపలుండే మెమరీ ముక్క) తీసి చూస్తే పిన్నులు నల్లబడి ఉన్నాయి. మన వైజాగ్ ఉప్పు గాలి సంగతి తెలిసిందేగా! మనవడి పెన్సిల్ బాక్సులోంచి రబ్బరు తీసుకుని మెల్లగా రుద్ది బిగించా. విండోస్ వచ్చేసింది.

మూడొందలు అడగడానికి మొహమాటపడి రెండొందలే తీసుకున్నా. (మా ఆవిడకి చెప్పకండి.)

పోయిన నెల పేపర్లలో పెట్టించిన వెయ్యి పాంప్లెట్లకి వచ్చింది ఒక్క కాల్. అదీ పాత ల్యాప్‌టాప్ కొంటారా అని! ఈవిడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టారు, సాయంత్రానికి మూడు ఫోన్లు.

ఒకాయనైతే ఎత్తగానే, "రబ్బరు మా ఇంట్లోనే ఉందండీ, కొంచెం తగ్గిస్తారా?"