ముందు మీ రాత్రి నిద్ర సంగతి చూడండి

డిమెన్షియా (మతి, జ్ఞాపకం క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్న మనిషిని ఇంట్లో చూసుకునేవాళ్లకి "నీ ఆరోగ్యం కూడా జాగ్రత్త" అని చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. నా లెక్కలో అది నిద్ర. రాత్రికి మూడు నాలుగు సార్లు లేవాల్సి వస్తుంటే ముందు ఓపిక పోతుంది, ఆ తర్వాత ఒళ్లు కూడా దెబ్బతింటుంది.

మీ నిద్ర బాగుపడాలంటే ముందు వారి నిద్ర గమనించాలి. ఒక వారం పాటు కాగితం మీద రాయండి: రాత్రి వారు ఎన్ని గంటలకు లేచారు, దేనికి లేచారు, పగలు ఎంతసేపు పడుకున్నారు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు. చాలాసార్లు కారణం అందులోనే దొరుకుతుంది. వారి పగటి నిద్ర మధ్యాహ్నం 3 గంటలలోపే అయిపోయేలా, అదీ అరగంటకి మించకుండా చూడండి. ఉదయం కాసేపు ఎండ వెలుతురులో కూర్చోబెట్టండి. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర సాయంత్రం వేస్తుంటే, పొద్దుటికి మార్చొచ్చేమో డాక్టరును అడగండి. రాత్రి లేవకూడదని పగలు నీళ్లు తగ్గించేస్తారు కొందరు. ఆ పని వద్దు. మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి అయోమయం ఇంకా పెరుగుతుంది.

నిద్ర రావడానికని ఇంట్లో ఉన్న జలుబు మాత్రో, ఎలర్జీ మాత్రో వేయకండి. వీటిలో మగత తెప్పించే పాత రకాలు మతిని మరింత మసకబారుస్తాయి, బాత్రూంకి వెళ్తూ పడిపోయే ప్రమాదమూ పెరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి బాగా మారిపోతే జబ్బు ముదిరిందనుకుని ఊరుకోవద్దు, అదే రోజు డాక్టరుకు చూపించండి.

మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు, బయటి తలుపుకి తెరిస్తే మోగే గంట పెట్టండి. సగం మెలకువతో కాపలా పడుకోవడం తప్పుతుంది.

మీకే చేయి చేసుకునేంత కోపం వస్తే, వారికి పడిపోయే ప్రమాదం లేదని చూసుకుని పది నిమిషాలు పక్క గదికి వెళ్లండి. అలా పదేపదే జరుగుతుంటే మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. మీరు చెడ్డవాళ్లని కాదు, అలసట హద్దు దాటిందని దాని అర్థం.

ఇంట్లోవాళ్లని "కాస్త సాయం చెయ్యండి" అని అడిగితే పని జరగదు. "మంగళ, శుక్రవారాలు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా నువ్వు చూసుకో" అనండి. మాత్రలు, అలవాట్లు, బెదిరితే ఏ మాటకి నెమ్మదిస్తారో ఒక పేజీలో రాసివ్వండి. ఆ రాత్రి మీరు పక్క గదిలో పడుకోకండి, దగ్గు వినపడినా లేచి కూర్చుంటారు. వీలైతే వేరే ఇంట్లో పడుకోండి.