చెన్నై అని రాస్తే సంతకం చెల్లట్లేదు

దొరికింది! చాలా రోజులుగా బుర్ర తినేస్తున్న మెయిల్ డిజిటల్ సంతకం (పాఠం ఒక్క బైటు కూడా మారలేదని చూపే గుర్తు) గొడవ నిన్న రాత్రి తేలిపోయింది. ఆ ఊపు తగ్గకముందే రాసిపెడుతున్నాను.

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో రాస్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్ మీద నడిచే మెయిల్ ఆర్కైవ్ (మెయిళ్లన్నీ దాచుకునే చోటు) గురించే ఇది. ఎస్‌డీ కార్డు తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టాను, హాయిగా ఉంది. ఎస్‌మైమ్, పీజీపీ-మైమ్ (సంతకాన్ని మెయిల్‌కు విడి భాగంగా జతచేసే పద్ధతులు) సంతకాలున్న మెయిళ్లన్నీ శుభ్రంగా చెల్లుతున్నాయి. పేచీ అంతా చెన్నైలో ఉండే బావ మెయిళ్లతోనే. బావ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో ఇన్‌లైన్ సంతకం చేస్తాడు. అంటే మెయిల్ ఒంట్లోనే పైన ఒక గీత, కింద సంతకం ముద్ద. నాకా పద్ధతి నచ్చదు. పీజీపీ-మైమ్‌కు 2001 నుంచే ఆర్‌ఎఫ్‌సీ 3156 అనే ఇంటర్నెట్ ప్రమాణం ఉంది, హాయిగా దాన్నే వాడొచ్చు. బావకు మాత్రం ఇదే సులువు.

వెబ్‌మెయిల్‌లో అసలు కాపీ దించి, సంతకాలు సరిచూసే జీపీజీ ప్రోగ్రాంకు ఇస్తే గుడ్ సిగ్నేచర్ అంటుంది. అదే మెయిల్‌ను ఆర్కైవ్‌లోంచి తీసి ఇస్తే బ్యాడ్ సిగ్నేచర్. కీ దొరకలేదనో, కీ మీద నమ్మకం లేదనో చెప్తే అది వేరే సంగతి. బ్యాడ్ అందంటే బైట్లు మారినట్టే. పోనీ అన్ని మెయిళ్లకూ ఇలాగే అవుతోందా అంటే, అదీ లేదు. పొద్దున వచ్చింది చెల్లుతుంది, సాయంత్రం వచ్చింది చెల్లదు.

ఇలాంటప్పుడు మొదట అనుమానించేది లైన్ ఎండింగులను (లైను ముగిసిందని చెప్పే కనిపించని గుర్తులు). కానీ ఇన్‌లైన్ సంతకంలో లెక్క కట్టేముందు జీపీజీయే లైన్ ఎండింగులను ఒక్క తీరుకు తెస్తుంది. లైను చివర ఖాళీలు పోయాయా అంటే, ఈ రకం సంతకంలో వాటిని అసలు లెక్కలోకే తీసుకోదు. చుక్కతో మొదలయ్యే లైనుకు, సర్వర్ నుంచి మెయిల్ దించే పీఓపీ3 పద్ధతి అదనంగా పెట్టే చుక్క? మెయిల్ దించే నా స్క్రిప్టులోని పైథాన్ లైబ్రరీ దాన్ని సరిగ్గానే తీసేస్తోంది, చూశాను. కోటెడ్-ప్రింటబుల్ (మెయిల్ దారిలో చెడకుండా అక్షరాలను సాదా కోడుగా మార్చే పద్ధతి) విప్పడం వల్లనా? విప్పాక మిగిలే పాఠం మీదే ఇన్‌లైన్ సంతకం ఉంటుంది కాబట్టి విప్పినా నష్టం లేదు. మామూలు దొంగలందరూ నిర్దోషులే. అందుకే ఇంత కాలం పట్టింది.

ఫోన్ చేసి, "బావా, ఈమధ్య కీబోర్డు ఏమైనా మార్చావా?" అని అడిగాను. "లేదురా, నీ డబ్బాలోనే ఏదో ఉంది, చూసుకో" అన్నాడు. అది నిజమే అయింది.

సరే, కొలుద్దాం అనుకున్నాను. చెల్లని మెయిల్ ఒకటి తీసుకుని, రెండు కాపీల్లోనూ సంతకం వర్తించే పాఠం వరకే కత్తిరించి, లైన్ ఎండింగులు ఒకేలా చేసి సైజు చూశాను. అసలుది 1,846 బైట్లు. ఆర్కైవ్‌లోది 1,861. 15 బైట్లు పెరిగింది! తగ్గుతుందనుకున్నాను కానీ పెరుగుతుందనుకోలేదు. ఇంకో మెయిల్‌లో తేడా 3. మరో దాంట్లో 27. అన్నీ మూడు గుణిజాలే. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ప్రతిదీ 3 బైట్లు కాబట్టి ఏదో ఒక అక్షరం కొత్తగా వచ్చి చేరుతోందన్నమాట. బామ్ అనే ఫైలు ఆరంభ గుర్తు కూడా 3 బైట్లే, కానీ అది ఫైలు మొదట్లో ఒక్కసారే వస్తుంది. 'ఎక్స్‌ప్రెస్' లాంటి మాటల్లో కంటికి కనబడకుండా ఉండే జీరో-విడ్త్ నాన్-జాయినర్ కూడా 3 బైట్లే. దాని మీదే అనుమానంతో లెక్కపెడితే రెండు కాపీల్లోనూ సమానంగా ఉన్నాయి.

ఇక రెండు ఫైళ్లను పోల్చే సీఎంపీతో మొదటి తేడా ఎక్కడుందో పట్టుకుని, బైట్లను అంకెలుగా చూపే ఎక్స్‌ఎక్స్‌డీలో ఆ చోటు తెరిచాను. అసలు కాపీలో ఈ0 బీ1 88. ఆర్కైవ్‌లో ఈ0 బీ1 86 ఈ0 బీ1 96. ఆ చోట ఉన్న మాట 'చెన్నై'.

ఐత్వం! యూనికోడ్‌లో ఐత్వానికి సొంత సంఖ్య ఉంది, యు+0సీ48. దాన్నే రెండు ముక్కలుగానూ రాయొచ్చు: ఎత్వం యు+0సీ46, దాని కింద తగిలే ఐ గుర్తు యు+0సీ56. స్క్రీన్ మీద రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, అందుకే రెండు కాపీలు పక్కపక్కన పెట్టి ఎంత చదివినా తేడా తెలియలేదు. మొత్తం తెలుగు అక్షరాల్లో ఇలా విడిపోయేది ఈ ఒక్కటే. మెయిల్‌లో వెతికితే చెన్నై రెండుసార్లు, మైలాపూర్, రైలు, పైన ఒక్కోసారి. ఐదు ఐత్వాలు, ఐదు మూళ్లు పదిహేను. లెక్క సరిపోయింది.

విడదీస్తున్నది మెయిల్ దించే స్క్రిప్టులో ఉన్న ఎన్‌ఎఫ్‌కేడీ లైను. ఎన్‌ఎఫ్‌కేడీ అంటే అక్షరాలను ముక్కలుగా విడదీసి ఒక్క తీరుకు తెచ్చే యూనికోడ్ నార్మలైజేషన్. ఒకే భాగమున్న సాదా మెయిళ్లను విప్పి, ఈ నార్మలైజేషన్ చేసి, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌కు దొరికేలా రాసిపెట్టడం ఆ స్క్రిప్టు పని. ఫ్రెంచ్ మాటల మీది గుర్తులు విడదీస్తే సాదా అక్షరాలతో వెతకడం సులువని ఆ లైను ఉంది. మల్టీపార్ట్ మెయిళ్ల జోలికి అది పోదు, కాబట్టి పీజీపీ-మైమ్ మెయిళ్లు బతికిపోయాయి. తమాషా ఏంటంటే, ఇదే చెన్నై తమిళంలో రాస్తే ఏమీ కాదు, తమిళ ఐత్వం విడిపోదు. అక్కడ విడిపోయేవి ఒత్వం, ఓత్వం, ఔత్వం, ఔ అక్షరం. కన్నడంలో ఏకంగా ఐదు గుర్తులు విడిపోతాయి. మా అపార్ట్‌మెంట్ కన్నడ నోటీసులకు సంతకాల్లేవు కాబట్టి సరిపోయింది.

ఒక మెయిల్ మాత్రం ఇంకా మొండికేసింది. ఐత్వం ఒక్కటీ లేదు, సైజు తేడా సున్నా, అయినా బ్యాడ్. చూస్తే ఫోన్ కీబోర్డు వేసిన మూడు చుక్కల గుర్తు. ఆ ఒక్క గుర్తు 3 బైట్లు. ఎన్‌ఎఫ్‌కేడీ దాన్ని మూడు విడి చుక్కలు చేస్తుంది, అవీ 3 బైట్లే. సైజు మాత్రమే చూసి వదిలేస్తే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

స్క్రిప్టు మార్చడం ఐదు నిమిషాల పని: వచ్చిన బైట్లు వచ్చినట్టే డిస్కు మీదికి, నార్మలైజేషన్ ఇండెక్స్ కాపీకి మాత్రమే. ఆర్కైవ్ అన్నాక అసలు ఫైలును ఏ సౌకర్యం కోసమైనా ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. మెయిల్ దించే ఫెచ్‌మెయిల్ ప్రోగ్రాంలో, మెయిల్‌ను విప్పి రాసే మైమ్‌డికోడ్ ఆప్షన్ కూడా డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి.

మరి సర్వర్ మీంచి ఎప్పుడో తీసేసిన పాత మెయిళ్ల సంగతి? అసలు ఆనందం అక్కడే. పాత ఫైళ్లకు ఎన్‌ఎఫ్‌సీ (ముక్కలను తిరిగి కలిపే నార్మలైజేషన్) నడిపితే ముక్కలైన ఐత్వాలు మళ్లీ అతుక్కున్నాయి, జీపీజీ గుడ్ సిగ్నేచర్ అంది! మరమ్మతు బైటుతో సహా సరిగ్గా జరిగిందని బావ సంతకమే సాక్ష్యం చెప్తోంది. ఇన్‌లైన్ సంతకాన్ని నేను మెచ్చుకునే సందర్భం ఇదొక్కటే.

మూడు చుక్కలు మాత్రం ఎన్‌ఎఫ్‌సీతో వెనక్కి రావు. వాటికి చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను: చుక్కలున్న ప్రతి చోటా రెండు రకాలూ పెట్టి చూడటం. నాలుగు చోట్లుంటే 16 కాపీలు, పది చోట్లుంటే 1,024. సంతకం చెల్లిన కాపీయే అసలుది. నో-బ్రేక్ స్పేసులు (లైను విరగకుండా ఆపే ఖాళీలు) ఉన్న మెయిళ్లతోనే కష్టం, ఎందుకంటే ఎన్‌ఎఫ్‌కేడీ వాటిని మామూలు ఖాళీలుగా మార్చేస్తుంది, ఏ ఖాళీ అయినా అదే కావొచ్చు. మెయిల్‌కు ఒక్కటే ఉందనుకుని, ఒక్కో ఖాళీ మార్చుకుంటూ ప్రయత్నిస్తాను.

ఆ తర్వాత డీకిమ్, అంటే పంపిన సర్వర్ మెయిల్ మీద వేసే సంతకం. దాని పబ్లిక్ కీలు డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల చిట్టా) ఉంటాయి, పంపినవాళ్లు కీ మార్చి పాతది తీసేస్తే పాత మెయిల్‌ను తర్వాత సరిచూడలేం. అందుకని దించిన క్షణంలోనే పరీక్షించి, ఫలితాన్నీ ఆ రోజు దొరికిన కీనీ పక్కన వేరే ఫైల్లో రాసేలా చేయాలి. ఈ వారాంతం పీఓపీ3 వదిలేసి మెయిళ్లు దించే మరో ప్రోగ్రాం ఎంబీసింక్‌కు మారే పని పెట్టుకున్నాను, డీకిమ్ పరీక్ష దానికే తగిలిస్తాను.