నా ప్రశ్నలకు నేనే జవాబు చెప్పుకున్న కాలం

పదకొండు మంది ఉన్న బృందానికి నాలుగేళ్లుగా బాధ్యత వహిస్తున్న నేను, మేనేజర్లందరూ 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ తీసుకోవాలని సంస్థ నిర్ణయించినప్పుడు పెద్దగా కంగారుపడలేదు. నాకు నేను మార్కులు వేసుకోవాలి. అవే ప్రశ్నలకు పై అధికారి, సాటి మేనేజర్లు, నా బృందంలోని వారు కూడా నాకు మార్కులు వేస్తారు. ఆ తరువాత బయటి నుంచి వచ్చిన కోచ్ నన్ను కూర్చోబెట్టి నివేదిక చదివిస్తారు. ‘ఎదుటివారు చెప్పేది పూర్తిగా వింటారు’ అన్న వాక్యానికి అయిదుకు అయిదు వేసుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. ప్రతి సమావేశంలోనూ అందరి అభిప్రాయం అడుగుతాను కదా అన్నది నా ధీమా.

మార్కులు వేయవలసిన సాటి మేనేజర్ల పేర్లు సూచించే అవకాశం నాకే ఇచ్చారు. నేను రాసిన నలుగురూ నా మాటకు ఎన్నడూ ఎదురు చెప్పనివారేనని నాకు తోచలేదు. జాబితా చూసిన కోచ్ ‘వీరిలో మీతో గొడవపడ్డవారు ఎవరు?’ అని అడిగిన తరువాతే రెండు పేర్లు మార్చాను.

మూడు వారాలకు నివేదిక వచ్చింది. వినడం విషయంలో పై అధికారి నాకు 4 ఇచ్చారు, సాటివారి సగటు 3.5, నా బృందం సగటు 2.4. కింద పేరు లేని వ్యాఖ్య ఒకటి ఉంది: ‘ఆయన ప్రశ్న అడుగుతారు. జవాబు కూడా ఆయనే చెబుతారు. మేము తల ఊపుతాం.’

నిజం చెప్పాలంటే, ఆ రోజంతా నేను ఆలోచించింది నా గురించి కాదు, ఆ మూడు వాక్యాలు ఎవరు రాసి ఉంటారన్న దాని గురించి. పొట్టి వాక్యాలు రాసే అలవాటు ఉన్నవారు ఇద్దరు. వారిలో ఒకరు ఆ మధ్య సెలవు విషయంలో నొచ్చుకున్నారు. ఈ లెక్కంతా కోచ్‌కు చెప్పినప్పుడు, రాసినవారిని వెతికి పట్టుకునే మేనేజర్‌కు మరోసారి నిజం రాసేవారు ఉండరని ఆమె నిష్కర్షగా అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పరిస్థితి.

ఆమె కాగితం మీద నాలుగు గదుల పెట్టె గీశారు. దానిని జొహారి విండో అంటారట. జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1955లో దానిని రూపొందించి, జో, హ్యారీ అన్న తమ పేర్లనే కలిపి ఆ పేరు పెట్టారు. మనకూ ఇతరులకూ తెలిసినది ఒక గది, ఇతరులకు తెలిసి మనకు తెలియనిది ఒక గది, మనకు తెలిసి ఇతరులకు తెలియనిది మూడవది, ఎవరికీ తెలియనిది నాలుగవది. నా 2.4 రెండవ గదిలో ఉందని ఆమె చూపించారు. ఇలాంటి పటాలంటే నాకు మొదటినుంచీ కొంత చిన్నచూపు. కానీ ఆ తరువాత నాకు పెద్ద దెబ్బ తగిలింది మూడవ గదిలోనని చెప్పక తప్పదు.

‘నేను ఎలాంటి మనిషిని’ అన్న ప్రశ్నను పక్కన పెట్టి, సమావేశంలో నేను ఏం చేస్తున్నానో మాత్రమే గమనించమని కోచ్ సూచించారు. ఇందుకు ఆమె చూపిన ఆధారం నన్ను ఆశ్చర్యపరిచింది. క్లూగర్, డినిసి అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను 1996లో క్రోడీకరించగా, ఫీడ్‌బ్యాక్ సగటున మేలే చేసినప్పటికీ, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో అది పనితీరును తగ్గించిందని తేలింది. దృష్టి పని మీద నుంచి తన మీదకు మళ్లినకొద్దీ ఫలితం సన్నగిల్లుతుందన్నది వారి వివరణ.

అందరి అనుమతితో ఒక సమావేశాన్ని రికార్డు చేసి, ఇంటికి వెళ్లి గడియారం పెట్టుకుని విన్నాను. నలభై రెండు నిమిషాల సమావేశంలో ఇరవై తొమ్మిది నిమిషాలు నా గొంతే వినిపించింది. నేను పద్నాలుగు ప్రశ్నలు అడిగాను. వాటిలో తొమ్మిదింటికి ఎవరూ నోరు తెరవకముందే ‘నాకు తెలిసి ఏమిటంటే’ అంటూ నేనే అందుకున్నాను. అవి కాక ‘అర్థమైందా?’ అని ఏడుసార్లు అడిగితే ఏడుసార్లూ ‘అయింది సార్’ అన్న జవాబే వచ్చింది. ఆ ప్రశ్నకు వేరే జవాబు చెప్పే ధైర్యం నా పై అధికారి ముందు నాకూ ఉండదు.

అప్పటి నుంచి ప్రశ్న అడిగాక మనసులో అయిదు వరకు లెక్కపెట్టడం, నా అభిప్రాయం చివర చెప్పడం, ‘అర్థమైందా’ బదులు ‘దీనిలో మీరు మొదట ఏం చేయబోతున్నారు?’ అని అడగడం మొదలుపెట్టాను. రెండు వారాలు తిరగకముందే వ్యవహారం బెడిసికొట్టింది. బృందంలో అందరికంటే పాతవారు నా గదికి వచ్చి, తలుపు వేసి, ‘సార్, మా మీద కోపంగా ఉన్నారా? మాట్లాడటం మానేశారు’ అన్నారు. నేను ఓపికగా వింటున్నానని అనుకుంటూ ఉంటే వారికది అలకలా కనిపించింది. ఎందుకు మౌనంగా ఉంటున్నానో నాకు తెలుసు, వారికి తెలియదు. అదే మూడవ గది. మరునాడు సమావేశం మొదట్లోనే నాకు వచ్చిన 2.4 సంగతి, లెక్కపెట్టుకుంటున్న సంగతి దాచకుండా చెప్పేశాను. ముందు ఎవరూ ఏమీ అనలేదు, తరువాత నవ్వులు వినిపించాయి.

ఆ తరువాతి నెలలో ఒక పని గడువు గురించి అడిగి అయిదు లెక్కపెట్టేలోగా, సాధారణంగా పెదవి విప్పని యువకుడు ఒకడు ‘ఆ తేదీకి పూర్తి కాదని మొదటి రోజే అనుకున్నాను సార్’ అన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్న మాట నాలుక చివరి వరకు వచ్చింది. దానిని మింగి, ‘ఎన్ని రోజులు కావాలి?’ అని మాత్రమే అడిగాను. పన్నెండు అన్నాడు. పదకొండు పట్టాయి.

తొమ్మిది నెలలకు మళ్లీ ఫీడ్‌బ్యాక్ తీసుకున్నారు. బృందం సగటు 3.3కు చేరింది. ‘నిర్ణయాలు త్వరగా తీసుకుంటారు’ అన్న అంశంలో మాత్రం 4.5 నుంచి 3.9కి పడిపోయాను. పై అధికారి దానినే ఎత్తి చూపారు, నేను వాదించలేదు. వ్యాఖ్యలలో ఒకటి ఇలా ఉంది: ‘ఇప్పుడు జవాబు కోసం ఆగుతున్నారు. ఆగినంతసేపూ పెదవులు కదులుతుంటాయి, అంకెలు లెక్కపెడుతున్నారని తెలిసిపోతోంది.’ ఎవరు రాశారో ఈసారి కూడా తెలుసుకోవాలనిపించింది, అడగలేదు.