ఎపూపా జలపాతం ఒడ్డున, ఈ సాయంత్రం

చెప్పులు విడిచి పాదాలు నీటిలో పెట్టబోతుండగా, మాకు దారి చూపిస్తున్న హింబా తెగ యువకుడు చెయ్యి అడ్డుపెట్టి, నీరు నెమ్మదిగా పారే ఆ చోట మొసళ్లు ఉంటాయని సైగ చేశాడు. కాళ్లు వెంటనే ముడుచుకున్నాను.

ఎదురుగా కునేనె నది అనేక పాయలుగా చీలి, ఇరుకైన రాతి లోయలోకి దూకుతోంది. అవతలి గట్టు అంగోలా, నేను కూర్చున్నది నమీబియా. ఓపువో పట్టణం నుంచి సుమారు 180 కిలోమీటర్ల కంకర దారి నా నడుముకు ఇంకా గుర్తుంది.

నా చూపు మాత్రం జలపాతం మీద కాక, దాని అంచున పిడికెడు మట్టయినా కనబడని బండను వేళ్లతో కరచుకుని, తుంపరలో తడుస్తూ నిలబడిన ఒక బావోబాబ్ చెట్టు మీదే ఆగిపోయింది. గోల్కొండ నయా ఖిల్లాలో మేమంతా ఏనుగు చెట్టు అని పిలుచుకునే ఆ మహావృక్షం కూడా ఈ జాతిదే. చిన్ననాడు దాని తొర్రలో దాగుడుమూతలు ఆడిన నేను, ఇంతకాలానికి దాని పుట్టింటికి వచ్చాను.

1990లలో ఇక్కడ ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించినప్పుడు, తమ పూర్వీకుల సమాధులు మునిగిపోతాయని హింబాలు గట్టిగా ఎదిరించారు. కట్టి ఉంటే ఈ చెట్టూ నీటి అడుగునే ఉండేది.

చీకటి పడింది. జలపాతం ఇప్పుడు కనబడడం లేదు, వినబడుతోంది.