ఎడమ పక్కన సముద్రం

మ్యూనిక్ నుంచి బారీకి విమానంలో గంటా ముప్పావు. మాకు ముప్పై ఒక్క గంట పట్టింది. మధ్యలో ఒక రాత్రి నిద్ర కూడా ఉందనుకోండి, అయినా ఎక్కువే. దీనికంతటికీ కారణం మా నాన్న.

నాన్న ముప్పై నాలుగేళ్లు స్టేషన్ మాస్టరుగా పనిచేశారు. ఎక్కువ కాలం గుడివాడ, భీమవరం మధ్య సింగిల్ లైను మీదే గడిపారు. రిటైరైన తర్వాత అమ్మతో కలిసి మొదటిసారి మా ఇంటికి, జర్మనీకి వచ్చారు. సెప్టెంబరులో ఓ వారం ఎక్కడికైనా వెళదామనుకుని బారీని ఎంచుకున్నాం. ఇటలీ బూటు మడమకు కాస్త పైన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్టణం. ఎండ ఉంటుంది, సముద్రం ఉంటుంది, రోమ్, వెనిస్‌లలో ఉన్నంత తొక్కిసలాట ఉండదు. ఎక్కడికి వెళ్లాలో తేలడానికి పది నిమిషాలు పట్టింది. ఎలా వెళ్లాలో తేలడానికి రెండు ఆదివారాలు పట్టింది.

మా ఆయన ఓటు విమానానికి. నేరుగా వెళ్లే విమానం ఉంది, పైగా బారీ విమానాశ్రయం నుంచి ఊరి మధ్యకు రైలుంది, ఇరవై నిమిషాలే. కారు అయితే బొలోన్యా దగ్గర ఏ14 రహదారి ఎక్కి సముద్రం పక్కనే దిగిపోవచ్చు. కానీ టోలు కట్టుకుంటూ పోవాలి, చేరాక బారీ పాత ఊళ్లోకి బయటి కార్లను రానివ్వరు. హద్దు దాటితే కెమెరా ఫోటో తీస్తుంది. నెలలు గడిచి, ప్రయాణం సంగతి మీరు మరిచిపోయాక జరిమానా ఇంటికి వస్తుంది. మా స్నేహితులు ఒకరు ఒకే వీధిలో రెండుసార్లు తిరిగి రెండు జరిమానాలు కట్టారు. ఇక ఓడ అంటారా, అది తూర్పు నుంచి వచ్చేవాళ్లకు. అల్బేనియాలోని దుర్రెస్ నుంచి, గ్రీసు నుంచి రాత్రంతా ప్రయాణించి పొద్దున్నే బారీలో దించే ఓడలున్నాయి. మాది ఉత్తరం.

నేపుల్స్‌లో దిగేవాళ్లకు ఒక మాట చెప్పాలి. పటంలో చూస్తే నేపుల్స్, బారీ పక్కపక్కనే ఉన్నట్టు ఉంటాయి. నడుమ కొండలున్నాయి. రెండింటినీ సూటిగా కలిపే వేగపు రైలు మార్గం ఇంకా కడుతున్నారు. అది పూర్తయ్యేదాకా రైలు మారుతూ వెళ్లేకంటే మూడు గంటల బస్సే నయం. రోమ్ నుంచి అయితే రైలే మేలు, నాలుగు గంటల్లో చేరుస్తుంది.

ఇవన్నీ విన్నాక నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే. "సముద్రం పక్కన రైలు లైనుందా?"

ఉంది. బొలోన్యా నుంచి బారీ దాకా సుమారు 650 కిలోమీటర్లు, అందులో సగానికి పైగా తీరాన్ని పట్టుకునే పోతుంది. మిలాన్ నుంచి అదే దారిలో రాత్రి బండి కూడా ఉంది, పడక దొరుకుతుంది, హోటలు ఖర్చు కలిసివస్తుంది. నేను అది చెప్పేలోపే నాన్న, "రాత్రి వెళితే ఏం కనిపిస్తుంది తల్లీ?" అన్నారు. దాంతో వాదన ముగిసింది. మేము ముగ్గురం రైల్లో, మా ఆయనా బాబూ మర్నాడు విమానంలో, అందరం బారీలో కలుసుకోవాలని ఒప్పందం.

మొదటి రోజు గురించి పెద్దగా చెప్పను. మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా బొలోన్యాకు ఏడు గంటలు. ఆల్ప్స్ కొండలు ఎలా ఉంటాయో మీరు చాలా చోట్ల చదివే ఉంటారు. అమ్మ వాటిని ఒక గంట చూసి, పులిహోర డబ్బా తీసి, తర్వాత నిద్రపోయింది.

బొలోన్యాలో రాత్రి స్టేషన్ ఎదురుగానే బస చేశాం. పొద్దున రైలుకు అరగంట ముందే వచ్చి బయట నిలబడ్డాం. నాన్న తలెత్తి గోడ గడియారం చూశారు, తన చేతి గడియారం చూసుకున్నారు, మళ్లీ పైకి చూశారు. "గడియారం ఆగిపోయింది. పదీ ఇరవై ఐదు చూపిస్తోంది. ఇంత పెద్ద స్టేషన్లో ఎవరూ పట్టించుకోరా? లోపల ఎవరికైనా చెప్పు," అన్నారు. ఆయన గొంతులో నిజమైన చిరాకు ఉంది. ఆయన స్టేషన్లో గడియారం రెండు నిమిషాలు తప్పినా కిందివాళ్లకు చివాట్లే.

అది పాడైన గడియారం కాదు. 1980 ఆగస్టు 2న రెండో తరగతి వెయిటింగ్ హాల్లో బాంబు పేలింది. ఎనభై ఐదు మంది చనిపోయారు. అప్పుడు సమయం పదీ ఇరవై ఐదు. అందుకే దాన్ని అలాగే ఉంచేశారు. నేను చెబుతుంటే నాన్న ఏమీ మాట్లాడలేదు. వెయిటింగ్ హాల్లోకి వెళ్లి, పేర్లు చెక్కిన రాతిపలక ముందు కాసేపు నిలబడి వచ్చారు.

టిక్కెట్లు రెండు నెలల ముందే తీసుకున్నాను కాబట్టి ముగ్గురికీ కలిపి నూట ఇరవై యూరోలకు కాస్త పైన అయ్యాయి. ప్రయాణం ముందు రోజు చూస్తే దాదాపు రెట్టింపు చూపించింది. ఈ బళ్లలో సీటు నంబరు టిక్కెట్టులోనే వస్తుంది. దక్షిణానికి వెళ్లేవాళ్లు ఎడమ వైపు కిటికీ సీటు అడిగి తీసుకోండి. కుడి వైపు కూర్చుంటే ఆరు గంటలపాటు ఊళ్ల పెరళ్లు చూస్తారు.

బండి కదిలిన ఐదు నిమిషాలకే నాన్న మోచేత్తో నన్ను పొడిచారు. "చూశావా? ఎడమ లైను మీద వెళుతోంది, మనలాగే." నేను ఏడేళ్లుగా యూరప్‌లో రైళ్లెక్కుతున్నాను, ఎప్పుడూ గమనించలేదు. జర్మనీలో రైళ్లు కుడి పట్టాల మీద నడుస్తాయి. ఇటలీలో కార్లు కుడి వైపు నడుస్తాయి కానీ రైళ్లు మాత్రం ఎడమే. మ్యూనిక్ వచ్చిన నాటి నుంచీ ఆయనకు బళ్లన్నీ తప్పు లైను మీద వస్తున్నట్టు గుండె దడగా ఉండేదట. ఇప్పుడు చెప్పారు.

రిమిని దాటాక, పెసారో దగ్గర సముద్రం వచ్చింది. వచ్చింది అనే అనాలి, ఎందుకంటే మనం దాని దగ్గరకు వెళ్లినట్టు ఉండదు. పట్టాలకూ ఇసుకకూ మధ్య ఒక గోడ, ఒక బాట, అంతే. గొడుగులు మడుస్తున్నవాళ్ల ముఖాలు కూడా కనిపిస్తాయి. అంకోనా తర్వాత కొండ అడ్డొచ్చి కాసేపు మాయమై మళ్లీ పెస్కారా దాకా తోడొస్తుంది. ఓర్తోనా దాటాక మాత్రం సొరంగాలు ఎక్కువ. ఒకప్పుడు అక్కడ కూడా లైను ఒడ్డునే ఉండేది. దాన్ని లోపలికి మార్చి, పాత పట్టాలున్న చోట సైకిలు బాట వేశారు. ఆ తీరంలో నీళ్లలోకి కర్ర కాళ్ల మీద నిలబెట్టిన చేపల గుడిసెలు ఉంటాయి, పొడుగాటి వాసాలకు వల వేలాడుతూ. కొచ్చిలో చీనా వలలు చూసినవాళ్లకు చప్పున అవే గుర్తొస్తాయి. రెండు సొరంగాల మధ్య అమ్మకు ఒకటి కనిపించింది. నాకు కనిపించలేదు.

తెర్మోలిలో బండి ఆగింది. ఆగాల్సిన సమయం దాటినా కదల్లేదు. ముందు సీటాయన గడియారం చూసుకుని నిట్టూర్చాడు. నాన్న మాత్రం లేచి నిలబడి కిటికీ లోంచి పట్టాలనే చూస్తున్నారు. "ఇక్కడి నుంచి సింగిల్ లైను. క్రాసింగ్ కోసం ఆపారు."

ఆయన చెప్పింది నిజం. ఇంత పెద్ద మార్గంలో తెర్మోలి, లేసినాల మధ్య ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ఒంటి లైనే. రెండోది వేసే పని నడుస్తోంది. ఐదారు నిమిషాలకు ఎదుటి బండి వచ్చింది. అది మా పక్క నుంచి వెళుతున్నంతసేపూ నాన్న కళ్లు దాని ముందు భాగం మీద లేవు. చివరి బోగీ కోసం చూస్తున్నారు. తోక దీపం కనిపించాక కూర్చున్నారు. "పూర్తి బండి వచ్చింది," అన్నారు. స్టేషన్ మాస్టరు చూడాల్సింది అదేనట. ఇంజను అందరికీ కనిపిస్తుంది. చివరి బోగీ వచ్చిందో, మధ్యలో ఎక్కడైనా తెగి ఉండిపోయిందో చూడటమే డ్యూటీ.

ఫోజా తర్వాత మైదానం. కోసేసిన గోధుమ చేలు, ఆలివ్ తోటలు, ఎర్ర మట్టి. అమ్మ, "మన ఊరి పొలాలకు నీళ్లు లేకపోతే ఇలాగే ఉంటాయి," అంది. సాయంత్రం నాలుగున్నరకు బారీ. స్టేషన్ బయట తాటిచెట్ల కింద మా ఆయనా బాబూ పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. విమానం రెండున్నర గంటలు ఆలస్యమైందట. వాళ్లు వచ్చి పావుగంటే అయింది. నాన్న ఏమీ అనలేదు. కానీ ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఆ పావుగంట సంగతి రెండుసార్లు ఎత్తారు.

స్టేషన్ నుంచి పాత ఊరికి నేరుగా ఒకే వీధి, నడిచి ఇరవై నిమిషాలు. పెట్టెలకు చక్రాలుంటే టాక్సీ అక్కర్లేదు. పాత ఊళ్లో ఒక కమాను కింద, ఇళ్ల గుమ్మాల ముందు బల్లలు వేసుకుని ఆడవాళ్లు ఒరెక్కియెత్తే చేస్తుంటారు. చిన్న చెవులని అర్థం. రవ్వ పిండి తాడులా చేసి, గోరంత ముక్క కోసి, మొండి కత్తితో బల్ల మీద ఒక్క లాగు లాగి, బొటనవేలి మీద తిప్పి బోర్లిస్తారు. అమ్మ కాసేపు చూసి, "గవ్వలే కదా ఇవి," అంది. ఆ పెద్దావిడకు ఏం అర్థమైందో తెలియదు, కత్తి అమ్మ చేతికిచ్చింది. అమ్మ కత్తి పక్కన పెట్టి, ముక్కను బల్ల అంచు మీద బొటనవేలితో నొక్కి దొర్లించింది. సంక్రాంతికి చేసే గవ్వ వచ్చింది. పెద్దావిడ దాన్ని తీసి ఎండకు పట్టి చూసి, తను చేసిన చెవుల మధ్యలోనే పెట్టి ఆరబెట్టింది. అమ్మ మిగతా వారమంతా, బెల్లం పాకం లేకుండా ఆ గవ్వను ఎవరు తిన్నారో అని అడుగుతూనే ఉంది.

పాత ఊరి గోడ దిగితే రేవు. సాయంత్రాలు దుర్రెస్ ఓడ ఎక్కే లారీల వరస చూస్తూ కూర్చునేవాళ్లం. 1991 ఆగస్టు 8న వ్లోరా అనే ఓడ ఇక్కడికే వచ్చింది. చక్కెర బస్తాలతో వచ్చిన ఆ ఓడను దుర్రెస్‌లో దేశం విడిచిపోవడానికి జనం ఎక్కేశారు. దాదాపు ఇరవై వేల మంది, తాళ్లకు కూడా వేలాడుతూ. వాళ్లలో చాలామందిని స్టేడియంలో ఉంచి, తర్వాత వెనక్కి పంపేశారు. ఇప్పుడు అదే దారిలో అల్బేనియన్లు సెలవులకు కార్లతో ఇంటికి వెళుతున్నారు.

చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లేవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మతేరాకు వెళ్లే చిన్న రైలు ఆదివారం నడవదు. మేము ఆదివారమే వెళ్లాం కాబట్టి బస్సెక్కాం. దాని పట్టాల వెడల్పు 950 మిల్లీమీటర్లేనని తెలిసి నాన్న మళ్లీ సోమవారం వెళదామన్నారు, అమ్మ వద్దంది. రెండోది, షోపెరో అన్న మాట. సమ్మె అని అర్థం. శుక్రవారం పొలిన్యానోకు బయలుదేరేసరికి బోర్డు మీద రైళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. పనిదినాల్లో సమ్మె జరిగినా పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కొన్ని లోకల్ బళ్లు నడిపి తీరాలి. మేము స్టేషన్‌కు చేరింది తొమ్మిదిన్నరకు.

తిరుగు ప్రయాణం అందరికీ విమానమే, అమ్మ మోకాళ్ల కోసం. విమానాశ్రయం రైలు పెద్ద స్టేషన్‌లోంచి కాదు, దాని పక్కనే వేరే చిన్న స్టేషన్‌లోంచి బయలుదేరుతుంది. టిక్కెట్టు ఐదు యూరోల పైచిలుకు. గోడ మీద పటం చూస్తూ నాన్న, "విమానాశ్రయం దాటాక ఈ లైను ఎక్కడికి పోతుంది? సింగిలా?" అని అడిగారు. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పాను. 2016 జులై 12న ఇదే లైనులో, ఆంద్రియా, కొరాతోల మధ్య ఒంటి పట్టాల మీద రెండు బళ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఇరవై ముగ్గురు చనిపోయారు.

"లైన్ క్లియర్ ఎలా ఇచ్చుకున్నారు?" లైను ఖాళీగా ఉంది, బండి పంపవచ్చని ఒక స్టేషన్ ఇంకో స్టేషన్‌కు ఇచ్చే మాట అది.

"ఫోనులో."

చాలాసేపటికి మాట్లాడారు. "కైకలూరులో లైన్ క్లియర్ ఇచ్చే బ్లాకు పరికరం పాడైనప్పుడు మేమూ ఫోను మీదే నడిపాం. మాట ఇచ్చినట్టు రుజువుగా ప్రైవేట్ నంబరు, అంటే ఒక రహస్య సంఖ్య, ఇచ్చి పుచ్చుకుని, కాగితం మీద రాసి డ్రైవరు చేతికిచ్చేవాళ్లం. బండి అవతలి స్టేషన్ చేరిందని కబురు వచ్చేదాకా మంచినీళ్లు దిగేవి కావు. అలాంటి రాత్రులు మీ అమ్మకు తెలుసు."

అమ్మ తల ఊపింది.

విమానాశ్రయం స్టేషన్ భూమి లోపల ఉంటుంది. దిగి, పెట్టెలు లెక్క చూసుకుని అందరం మెట్ల వైపు కదిలాం. మా ఆయన సమయమవుతోందని గుర్తు చేస్తున్నారు. నాన్న రాలేదు. ప్లాట్‌ఫారం అంచుకు రెండడుగుల దూరంలో నిటారుగా నిలబడి ఉన్నారు. బండి కదిలింది. ఒక్కో బోగీ ఆయన ముందు నుంచి వెళ్లింది. చివరి దానికి ఎర్ర దీపం ఉంది. అది సొరంగం మలుపు తిరిగేదాకా చూసి, పెట్టె పట్టుకుని మా వెనక మెట్లెక్కారు.